బస్సుకు ఒక ఎస్, పాసుకు రెండు ఎందుకు? పిల్లలకు ఇంగ్లిష్ జంట అక్షరాలు నేర్పే పద్ధతి

మిర్యాలగూడ నుంచి ఒక తల్లి అడిగిన ప్రశ్న ఇది. వారి అబ్బాయి ఆరో తరగతి, ఇంగ్లిష్ మీడియం. చదవడం బాగానే వచ్చింది గాని, డిక్టేషన్ చెబితే స్టాప్డ్‌కు, షాపింగ్‌కు ఒకే పి వేస్తున్నాడు. రైటింగ్‌కు రెండు టీలు, కమింగ్‌కు రెండు ఎమ్‌లు, ఓపెనింగ్‌కు రెండు ఎన్‌లు వేస్తున్నాడు. బస్‌కు రెండు ఎస్‌లు పెట్టి, క్లాస్‌కు ఒక్కటే పెడుతున్నాడు. ఒక్కో మాటను పదేసి సార్లు రాయించినా మళ్లీ అవే తప్పులు వస్తున్నాయని, దీనికి సూత్రం ఏదైనా ఉందా లేక బట్టీ పట్టించడమే దారా అని వారు అడిగారు.

సూత్రం ఉంది. అన్ని మాటలకూ వర్తించదు గాని, ఆ అబ్బాయి చేస్తున్న తప్పుల్లో దాదాపు అన్నింటినీ సరిదిద్దడానికి సరిపోతుంది. ఇంగ్లిష్‌లో జంట హల్లు సాధారణంగా తన ముందున్న అచ్చును ఎలా పలకాలో చెబుతుంది. ఆ హల్లును ఒత్తి పలకమని చెప్పదు. ఈ ఒక్క సంగతి పిల్లవాడికి అర్థమయ్యేదాకా మిగతా సూత్రాలు ఎన్ని చెప్పినా నిలవవు. నేను నల్లగొండ జిల్లాలోని ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో చాలా ఏళ్లుగా ఇంగ్లిష్ బోధిస్తున్నాను. తెలుగు మాతృభాషగా ఉన్న పిల్లలకు ఈ పాఠాన్ని ఇంగ్లిష్ వ్యాకరణ పుస్తకాల్లో ఉన్న వరుసలో చెప్పకూడదని నా అనుభవం. మన పిల్లల తప్పులు వేరే చోటి నుంచి వస్తాయి గనుక వాటిని అక్కడే పట్టుకోవాలి.

ఆ చోటు మన తెలుగే. ఒకటో తరగతి నుంచే మన పిల్లలు ద్విత్వాక్షరాలు నేర్చుకుంటారు. గద వేరు, గద్ద వేరు. గడి వేరు, గడ్డి వేరు. ఒత్తు ఉంటే నొక్కి పలుకుతాం, లేకపోతే తేలికగా పలుకుతాం. ఎలా పలుకుతామో అలాగే రాస్తాం. ఇంత నమ్మకమైన పద్ధతికి అలవాటు పడిన పిల్లవాడు ఇంగ్లిష్ రాసేటప్పుడు కూడా చెవినే నమ్ముతాడు. అయితే ఇంగ్లిష్ మాట తెలుగులోకి వచ్చేటప్పుడు మన భాష దాన్ని తన పద్ధతిలో మలుచుకుంటుంది. హ్రస్వం తరువాత వచ్చే చివరి హల్లుకు ఒత్తు చేర్చి, ఉకారం కలుపుతుంది. పెన్ను, కప్పు, పిన్ను, బస్సు అలా వచ్చినవే. దీర్ఘం ఉంటే ఒత్తు చేర్చదు. క్లాసు, గ్లాసు, హాలు, బాలు, పాసు అన్న మాటలు చూడండి. ఇంగ్లిష్‌లో పెన్, కప్, పిన్, బస్ మాటల చివర ఒకే హల్లు ఉంటుంది; క్లాస్, గ్లాస్, హాల్, బాల్, పాస్ మాటల చివర రెండు ఉంటాయి. అంటే బస్సు పాసు అనే రెండు మాటల్లో తెలుగు చెవి చెప్పేదానికి ఇంగ్లిష్ స్పెల్లింగ్ సరిగ్గా ఎదురుగా నడుస్తుంది. మీ అబ్బాయి బస్‌కు రెండు ఎస్‌లు పెట్టి క్లాస్‌కు ఒకటే పెట్టడం అజాగ్రత్త వల్ల జరిగింది కాదు. అతడు తన చెవికి వినిపించినదాన్ని నిజాయితీగా రాశాడు. షాపింగ్, స్టాప్డ్ మాటల్లో ఒకే పి వేయడానికి కారణమూ ఇదే: మనం షా, స్టా అని దీర్ఘం తీస్తాం గనుక ఆ తరువాత ఒత్తు వినిపించదు. రన్నింగ్, స్విమ్మింగ్ మాటల్లో మన ఉచ్చారణకు, ఇంగ్లిష్ రాతకు పొత్తు కుదిరింది గనుక వాటిని పిల్లలు సాధారణంగా తప్పు రాయరు. డిక్టేషన్ పుస్తకం తిరగేసి చూడండి, ఈ తేడా మీకే కనిపిస్తుంది.

కాబట్టి పిల్లవాడికి ముందుగా చెప్పవలసింది ఇది: ఇంగ్లిష్‌లో డిన్నర్ అన్న మాటలో రెండు ఎన్‌లు రాసినా ఇంగ్లిష్ వారు ఒక్క ఎన్‌నే పలుకుతారు. పూర్వం అలా ఉండేది కాదు. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లిష్‌లో మన తెలుగులో లాగానే ఒత్తి పలికే హల్లులు వేరుగా ఉండేవి. సూర్యుడిని సున్నె అనీ, కొడుకును సును అనీ పలికేవారు. కాలక్రమంలో ఒత్తి పలకడం పోయింది గాని, రాతలో జంట అక్షరాలు మిగిలిపోయి మరో పనికి వచ్చాయి. 12వ శతాబ్దంలో ఓర్మ్ అనే క్రైస్తవ సన్యాసి, చదివేవారు అచ్చును పొట్టిగా పలకాలని తెలియడానికి ఆ అచ్చు తరువాతి హల్లును వరుసగా రెండుసార్లు రాస్తూ పోయాడు. ఈ కథ చెబితే ఆరో తరగతి పిల్లలు ఎంతో ఆసక్తిగా వింటారు. స్పెల్లింగ్ అనేది ఎవరో మనల్ని ఇబ్బంది పెట్టడానికి చేసినది కాదని, దాని వెనుక ఒక కారణం ఉందని వారికి నమ్మకం కలుగుతుంది. నా దృష్టిలో ఆ నమ్మకం చాలా విలువైనది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. చాలామంది ఉపాధ్యాయులు ఈ పాఠాన్ని హ్రస్వం, దీర్ఘం అనే మాటలతో చెబుతారు. హ్రస్వం తరువాత రెండు హల్లులు, దీర్ఘం తరువాత ఒకటి అని సూత్రం చెబితే పిల్లవాడు స్టాప్, షాప్, హాట్, ప్లాన్ అన్న మాటలు విని ఇవన్నీ దీర్ఘాలే కదా అనుకుంటాడు. తెలుగు లెక్కలో అతడు చెప్పింది సరైనదే. ఇంగ్లిష్ వ్యాకరణం మాత్రం వాటిని పొట్టి అచ్చులుగానే లెక్కిస్తుంది. అందువల్ల నేను తరగతిలో ఆ రెండు పదాలను పక్కన పెట్టి, పేరు పలికే అచ్చు, పేరు పలకని అచ్చు అని చెబుతాను. ఏ, ఈ, ఐ, ఓ, యూ అనే అయిదు అక్షరాలకు అవే పేర్లు. మాటలో ఆ అక్షరం తన పేరును తాను పలికితే తరువాత సాధారణంగా ఒకే హల్లు, పలకకపోతే రెండు హల్లులు. హోప్‌లో ఓ తన పేరు పలుకుతుంది, కాబట్టి హోపింగ్‌లో ఒకే పి. హాప్‌లో పలకదు, కాబట్టి హాపింగ్‌లో రెండు. లేటర్‌లో ఏ పేరు వినిపిస్తుంది, ఒకే టి. ల్యాటర్‌లో వినిపించదు, రెండు టీలు. డైనర్, డిన్నర్, టేపింగ్, ట్యాపింగ్, సూపర్, సప్పర్ ఇలాంటి జతలే. టేబుల్‌కు ఒక బి ఉండటానికి, యాపిల్‌కు రెండు పీలు ఉండటానికి కూడా ఇదే కారణం.

ఈ జతలను ముందు రాయించకండి, చదివించండి. నల్ల బల్ల మీద రెండు మాటలు పక్కపక్కన రాసి, అచ్చు కింద రంగు చాక్‌పీసుతో గీత గీసి, ఇది పేరు పలుకుతున్నదా అని అడగాలి. ఇంట్లో అయితే పలక చాలు. అర్థం తెలియని మాట అయినా ఫరవాలేదు. చూసిన వెంటనే అచ్చును సరిగ్గా పలకగలిగితే సగం పాఠం వచ్చినట్లే.

తరువాతి మెట్టు మాటకు ఇంగ్, ఈడీ, ఈఆర్, ఈఎస్‌టీ వంటివి చేర్చడం. ఇక్కడ చెవికన్నా మూలపదం ముఖ్యం. మూలపదాన్ని విడిగా రాయించి మూడు సంగతులు చూడమనాలి: మాటలో ఒకే పలుకు (సిలబుల్) ఉందా, ఒకే అచ్చు అక్షరం ఉందా, చివర ఒకే హల్లు అక్షరం ఉందా. మూడూ అవునంటే, చేర్చేది అచ్చుతో మొదలయ్యేదైతే, చివరి హల్లును జంట చేయాలి. స్టాప్, షాప్, ప్లాన్, బిగ్, హాట్, కట్ ఈ వరుసలోకి వస్తాయి. రెయిన్, లుక్, రీడ్ మాటల్లో రెండు అచ్చు అక్షరాలు ఉన్నాయి, జంట అవసరం లేదు. హెల్ప్, జంప్ చివర రెండు హల్లులు ఇప్పటికే ఉన్నాయి. సాడ్‌కు నెస్ చేర్చితే చేర్చేది హల్లుతో మొదలైంది గనుక డి ఒక్కటే. డబ్ల్యూ, ఎక్స్, వై అక్షరాలను ఈ పద్ధతిలో ఎప్పుడూ జంట చేయరు. ఫిక్సింగ్‌లో ఎక్స్ ఒక్కటే అయినా అది క్, స్ అనే రెండు ధ్వనులను మోస్తున్నదని చెబితే పిల్లలు వెంటనే ఒప్పుకుంటారు. క్విట్‌లో యు ఎప్పుడూ క్యూ వెంట వచ్చేది గనుక దాన్ని అచ్చుగా లెక్కించరాదు. అందుకే క్విటింగ్‌కు రెండు టీలు.

మూలపదం చివర మూగ ఈ ఉంటే లెక్క మారుతుంది. ఆ ఈని తీసేసి ఇంగ్ చేర్చాలి, జంట చేయరాదు. రైట్ చివర ఈ ఉంది, కాబట్టి రైటింగ్‌కు ఒకే టి. కమ్ విషయంలో మీ అబ్బాయి ఎందుకు తడబడ్డాడో చూడండి. ఆ మాటలో ఓ తన పేరు పలకదు. చెవి చెప్పినట్లు వింటే రెండు ఎమ్‌లు రావాలి. పైగా మనం కమ్మింగ్ అని కూడా పలుకుతాం. మూలపదం రాసి చూస్తే చివర ఈ కనిపిస్తుంది, అక్కడితో సందేహం తీరుతుంది. హ్యావ్, గివ్, లవ్ అన్నవి కూడా ఇటువంటివే. మాట లోపల జంట ఉందా లేదా అని తేల్చడానికి చెవి, చివర ఏదైనా చేర్చేటప్పుడు మూలపదం అన్న విభజనను పిల్లవాడు గట్టిగా పట్టుకోవాలి.

రైటింగ్‌కు రెండు టీలు వేయడం మా జిల్లా బడుల్లో అతి తరచుగా కనిపించే తప్పు, దానికి మరో కారణం ఉంది. మన పిల్లలు వి-వన్, వి-టూ, వి-త్రీ పట్టికను రైట్, రోట్, రిటన్ అని రాగం తీసి కంఠస్థం చేస్తారు. రిటన్‌లో రెండు టీలు ఉన్నాయి, ఆ రెండు టీలు రైటింగ్‌లోకి జారుతాయి. ఆ పట్టికనే మందుగా వాడుకోవచ్చు. రైట్‌లో ఐ తన పేరు పలుకుతుంది, రిటన్‌లో పలకదు. బైట్, బిటన్, హైడ్, హిడన్, రైడ్, రిడన్ మాటలను పక్కపక్కన పెడితే ఒకే క్రియలో అచ్చు మారగానే హల్లు జంట కావడం కళ్లకు కడుతుంది. సూత్రం నేర్పడానికి ఇంతకు మించిన పట్టిక నాకు తెలియదు. అయితే డ్రివెన్, గివెన్, రిజెన్ మాటల్లో జంట రాదని అప్పుడే చెప్పేయాలి; ఇంగ్లిష్‌లో వి అక్షరం దాదాపు ఎప్పుడూ జంట కాదు, రిజెన్ మాత్రం విడిగా గుర్తుంచుకోవలసిన మాట.

ఒకసారి మా ఆరో తరగతిలో ఒక బాబు షాపింగ్‌ను ఎన్నిసార్లు దిద్దినా ఒకే పితో రాసేవాడు. వాళ్ల నాన్న పత్తి మిల్లులో పనిచేస్తారు. మిల్లు బోర్డు మీద ఇంగ్లిష్‌లో ఏముందో చూసి, ఉన్నదున్నట్లు రాసుకొని రమ్మన్నాను. మరునాడు కాటన్ జిన్నింగ్ మిల్ అని పెద్ద అక్షరాలతో రాసుకొచ్చాడు. మూడు మాటలు, మూడు జంటలు. జిన్నింగ్‌లో రెండు ఎన్‌లు మనకూ వినిపిస్తాయి. కాటన్‌లో రెండు టీలు తెలుగు చెవికి వినిపించవు. మిల్‌లో చివర రెండు ఎల్‌లు. వినిపించనిచోట కూడా ఎందుకు జంట ఉందని వాడినే అడిగితే, కొంతసేపు అచ్చు కింద వేలు పెట్టి పలికి చూసి, ఓ పేరు రాలేదు సార్ అన్నాడు. ఆ తరువాత షాపింగ్‌ను నేను మళ్లీ దిద్దవలసిన అవసరం రాలేదు. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో పత్తి మిల్లులకు, రైస్ మిల్లులకు కొదవ లేదు. బోర్డులన్నీ పిల్లల కళ్ల ముందే ఉంటాయి, వాటిని పాఠంలోకి తేవాలి. తప్పుగా రాసిన బోర్డులు కూడా ఉంటాయి గనుక పెద్దవారు ముందు ఒకసారి చూసుకోవడం మంచిది.

మిల్ అన్న మాట మరో చిన్న సూత్రాన్ని చూపిస్తుంది. ఒకే పలుకు ఉన్న మాటలో పేరు పలకని ఒక్క అచ్చు తరువాత చివర ఎఫ్, ఎల్, ఎస్, జెడ్ వస్తే వాటిని రెండుసార్లు రాస్తారు. ఆఫ్, బెల్, బిల్, పాస్, గ్లాస్, బజ్ దీనికి ఉదాహరణలు. స్కూల్, రూఫ్ మాటల్లో రెండు ఓలు ఉన్నాయి కాబట్టి చివరి హల్లు ఒక్కటే. బస్, గ్యాస్, యెస్, దిస్, అస్, ఇఫ్ మినహాయింపులు. వీటిలో బస్ అనేది ఆమ్నిబస్ అన్న పెద్ద మాటకు తోక ముక్క, అందుకే ఒకే ఎస్. ఫుల్ విడిగా ఉంటే రెండు ఎల్‌లు, కేర్‌ఫుల్, బ్యూటిఫుల్ చివర చేరితే ఒకటి, దానికి ఎల్‌వై చేర్చితే కేర్‌ఫుల్లీలో మళ్లీ రెండు.

ఓపెనింగ్ విషయానికి వస్తే, అది రన్నింగ్ నేర్చుకున్న పిల్లవాడు చేసే తప్పు, ఎదుగుదలలో వచ్చే తప్పు. రెండు పలుకుల మాటల్లో ఊనిక (స్ట్రెస్), అంటే ఒక పలుకును మిగతాదానికన్నా నొక్కి పలకడం, చివరి పలుకు మీద ఉంటేనే జంట వస్తుంది. బిగిన్‌లో ఊనిక చివర, కాబట్టి బిగినింగ్‌కు రెండు ఎన్‌లు. ఓపెన్‌లో ఊనిక మొదట, కాబట్టి ఒకటే. చిక్కు ఏమిటంటే ఈ రకం ఊనిక తెలుగులో మాటల అర్థాన్ని మార్చదు గనుక మన పిల్లల చెవికి అది అందదు. ఊనిక ఎక్కడ ఉందని ఆరో తరగతి పిల్లవాడిని అడగడం వృథా అని నా అభిప్రాయం. దానికి బదులు జంట అయ్యే మాటలను గుంపుగా నేర్పితే చాలు: బిగిన్, ఫర్గెట్, అడ్మిట్, పర్మిట్, సబ్మిట్, కమిట్, అకర్, రిఫర్, ప్రిఫర్, ట్రాన్స్‌ఫర్, కంట్రోల్. ఓపెన్, హ్యాపెన్, లిజన్, విజిట్, ఎంటర్, ఆఫర్, ఆన్సర్, లిమిట్, ఎడిట్ మాటలకు జంట లేదని మరో గుంపు. ఎనిమిది, తొమ్మిది తరగతులకు వచ్చాక ఊనిక సంగతి చెప్పవచ్చు; రిఫర్డ్‌కు రెండు ఆర్‌లు, రిఫరెన్స్‌కు ఒకటే ఎందుకో అప్పుడు వివరిస్తే బాగా అర్థమవుతుంది.

కమిట్ అన్న మాటను మాత్రం వదలవద్దు. బడిలో ఏదో ఒక కమిటీ బోర్డు పిల్లలకు కనిపిస్తూనే ఉంటుంది. అందులో రెండు ఎమ్‌లు, రెండు టీలు, రెండు ఈలు ఉంటాయి. లాటిన్‌లో కామ్, మిట్ అనే రెండు ముక్కలు కలిసినప్పుడు ఎమ్ జంట అయింది. కమిట్‌కు అచ్చుతో మొదలయ్యే ప్రత్యయం చేరినప్పుడు టి జంట అయింది. కమిట్‌మెంట్‌లో చేర్చింది హల్లుతో మొదలైంది గనుక టి ఒకటే. ఇలా ముక్కలు అతుక్కున్నచోట వచ్చే జంటలకు అచ్చుతో సంబంధం లేదు. మిస్, స్పెల్ కలిస్తే రెండు ఎస్‌లు. డిస్, అపాయింట్ కలిస్తే ఎస్ ఒకటి, పీలు రెండు. అన్‌నెసెసరీ, ఇల్లీగల్, ఇర్రెగ్యులర్ కూడా ఇంతే. మన సంధి పాఠం వచ్చిన పిల్లలకు దీన్ని ముక్కలుగా విడదీసి చూపిస్తే ఒక్క పూటలో తెలిసిపోతుంది.

ఇక సూత్రం ఎక్కడ ఆగిపోతుందో దాచకుండా చెప్పాలి. సిటీ, మనీ, కాపీ, స్టడీ, లెమన్, క్యాబిన్, మోడల్, రివర్, నెవర్ మాటల్లో మొదటి అచ్చు పేరు పలకదు, అయినా హల్లు ఒకటే. ర్యాబిట్‌కు రెండు బీలు, హ్యాబిట్‌కు ఒకటి. ఫ్రెంచి, లాటిన్ దారిలో వచ్చిన చాలా మాటలు తమ పాత రూపాన్నే నిలుపుకున్నాయి. అందుకే ఈ సూత్రాన్ని చదివేటప్పుడు ఎక్కువగా, రాసేటప్పుడు కొంచెం తక్కువగా నమ్మాలి. జంట హల్లు కనిపిస్తే దాని ముందున్న అచ్చు పేరు పలకదని, రోల్, గ్రోస్ వంటి కొన్నింటిని మినహాయిస్తే, ధైర్యంగా చదవవచ్చు. అచ్చు పేరు పలకలేదు గనుక తప్పక జంట ఉంటుందని మాత్రం రాయలేం. సిటీ వరుస మాటలను తరచుగా చదివించి కంటికి అలవాటు చేయడమే మార్గం, అవి సూత్రానికి లొంగవని పిల్లవాడికి ముందే తెలిస్తే సూత్రం మీద విశ్వాసం పోదు.

ట్రావెల్డ్, క్యాన్సల్డ్ మాటలకు రెండు ఎల్‌లు రాయించండి. ఊనిక మొదటి పలుకు మీద ఉన్నా బ్రిటిష్ పద్ధతిలో ఎల్‌ను జంట చేస్తారు, మన పుస్తకాలు ఆ పద్ధతినే పాటిస్తాయి. నోవా వెబ్‌స్టర్ వంటి నిఘంటుకారుల ప్రభావంతో అమెరికా వారు ఒక ఎల్‌తో రాస్తారు. ఫోనులో గాని కంప్యూటర్‌లో గాని ఎర్ర గీత వస్తే కంగారు పడకుండా, భాషను భారతీయ ఇంగ్లిష్‌కు మార్చండి.

పదేసి సార్లు రాయించడం దయచేసి మానండి. మూడో సారి నుంచి చెయ్యి రాస్తుంది గాని మనసు చూడదు. పైగా మొదటి వరుసలో తప్పు పడితే ఆ తప్పే పది వరుసలకు పాకుతుంది. దానికి బదులు రోజూ కొద్దిసేపు కూడికలు చేయించండి. ఎడమ వైపు మూలపదం, కూడిక గుర్తు, చేర్చే ముక్క, కుడి వైపు పూర్తి మాట. ప్రతి కూడికలోనూ జంట ఎందుకు వచ్చిందో లేక ఎందుకు రాలేదో నోటితో ఒక్క వాక్యంలో చెప్పించాలి. జంట రాని మాటలు కూడా సమానంగా కలిపి ఇవ్వాలి. స్టాప్, షాప్, ప్లాన్ మాత్రమే ఇస్తూ పోతే పిల్లవాడు కారణం చూడకుండా అన్నింటికీ రెండేసి అక్షరాలు పెట్టడం మొదలుపెడతాడు. నా దగ్గర చదివిన ఒక పాప సూత్రం విన్న ఉత్సాహంలో రెయినింగ్‌కు, ఈటింగ్‌కు కూడా జంటలు వేసింది. మూలపదంలోని అచ్చు అక్షరాల చుట్టూ సున్నా చుట్టమన్నాక తానే లెక్కపెట్టుకొని మానుకుంది.

వ్యాసాలు, ఉత్తరాలు దిద్దేటప్పుడు అప్పటిదాకా నేర్పిన రకం తప్పులనే గుర్తించండి. గుర్తించిన చోట సరైన స్పెల్లింగ్ మీరు రాయవద్దు. అచ్చు కింద ఒక గీత గీసి వదిలేయండి, అబ్బాయి తానే పలికి చూసుకొని దిద్దుకుంటాడు. ఈ వారం స్టాప్, షాప్ వరుసతో మొదలుపెట్టండి, రైటింగ్, కమింగ్ ఆ తరువాత చేయించండి. బిగిన్, ఓపెన్ గుంపులకు ఈ విద్యా సంవత్సరంలో తొందర లేదు.